సగంలో వదిలిన తాడు

1962 ఫిబ్రవరి 6, మంగళవారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. అసెంబ్లీకి నిలబడిన అభ్యర్థి మా ఊళ్ళో, ఒడ్డు మీద నిలబడి లాగే అలివి వల తాడు పట్టుకున్నది ఆ వేళకు. వదిలింది ఏడూ ఇరవైనాలుగుకు. ఆ నాలుగు నిమిషాల వెంట నేను ఐదేళ్ళు తిరిగాను కాబట్టి వేళ కచ్చితంగా చెప్పగలను.

వేళ రాసుకోవడం పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. మా నాయన సూళ్లూరుపేట దగ్గర రైలు గేటు కాసేవాడు. ఏ బండి ఎన్ని గంటలకు పోయిందీ, ఎన్ని నిమిషాలు ఆలస్యమైందీ నా చేతే రాయించేవాడు. 1953లో నాకు పెళ్ళయి ఈ సముద్రపు ఊరికి వచ్చేటప్పుడు ఆయన నాకొక టైంపీసు ఇచ్చాడు. దాన్ని చూసి మా అత్త నవ్వింది.

“దీన్ని పెట్టుకోని ఏం చేస్తావమ్మే? ఈడ పోటూ పాటూ చూసుకోని బతుకుతాం. రైలేమన్నా వస్తాదా?”

రైలు రాదు. అసలేదీ రాదు. మా ఊరికి తూర్పున సముద్రం, పడమట మద్రాసుకు ఉప్పు పడవలు, కట్టెల పడవలు పోయే పెద్ద కాలువ. మధ్యలో ఇసుక మీద మేము. కాలువ దాటి రెండు మైళ్ళు నడిస్తే సంతా, ఆస్పత్రీ, హైస్కూలూ ఉన్న ఊరు. దాటడానికి ఒక పాత పడవ. అది వద్దనుకుంటే దక్షిణాన లాకు దాకా పోయి, లాకు తలుపుల మీద నడిచి అవతలికి చేరాలి. అలా పోతే రెండు మైళ్ళ దారి ఏడు మైళ్ళవుతుంది.

1961 నవంబరులో ఆ పడవ ఒరిగి మా అత్త ఎండుచేపల గంపతో సహా కాలువలో పడింది. నీళ్ళు ఆమె మెడ దాకే ఉన్నాయి. కానీ గంప పోయింది, పడవలోని వాళ్ళు నవ్వారు. ఆ నవ్వును ఆమె మరిచిపోలేదు. మరునాటి నుంచి వారానికి మూడుసార్లు గంప నెత్తిన పెట్టుకుని లాకు మీదుగా సంతకు పోవడం మొదలుపెట్టింది. భర్తనూ ఇద్దరు కొడుకులనూ రోజూ తెల్లవారకముందే సముద్రం మీదికి పంపే మనిషికి కాలువంటే భయమేమిటని ఒకసారి అడిగాను.

“సముద్రం మనది. మన పేర్లు దానికి తెలుసు. ఈ కాలువ ఎవురిదమ్మే? ఎవురో తవ్వినారు, ఎవురి పడవలో పోతా ఉంటాయి. దానికి నేనెవరో ఎట్టా తెలస్తాది?”

అదే రోజు ఆమె ఇంకో మాట కూడా అన్నది. అది నాకు ముఖ్యం. నా బిడ్డ అప్పుడు ఒకటో తరగతి. మా ఊరి బడి ఐదుతో సరి. ఆరో తరగతికి కాలువ దాటాల్సిందే.

“నా మనవరాలు ఆ పడవ ఎక్కదు. వంతెన పడితే పంపుతా. పడకపోతే లేదు.”

మా ఇంట్లో అత్త మాటకు ఎదురులేదు. మా ఆయన సముద్రం మీద ఎంత ధైర్యస్థుడో అమ్మ ముందు అంత మెత్తన. నేను లెక్క వేసుకున్నాను. బిడ్డ 1966 ఏప్రిల్లో ఐదు పూర్తి చేస్తుంది. వంతెన పడడానికి నాలుగేళ్ళ ఐదు నెలలు ఉంది.

ఇక ఆ మంగళవారం. అంతకు ముందు మూడు రోజులు అష్టగ్రహ కూటమి అని లోకమంతా వణికింది. ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరుతున్నాయి, భూమి మునిగిపోతుంది అన్నారు. మా ఊళ్ళో మూడు రోజులు ఎవరూ వల తడపలేదు. భూమి మునగలేదు. పిల్లలకు ఆకలైంది. మంగళవారం పొద్దున మా ఇంటివాళ్ళ పెద్ద అలివి వల వేశారు. పడవ వలను సముద్రంలో గుండ్రంగా విడిచి వచ్చింది. ఒడ్డున రెండు తాళ్ళకూ ఇరవై మంది చొప్పున పట్టుకుని వెనక్కి అడుగులు వేస్తూ లాగుతున్నారు.

సరిగ్గా అప్పుడు దిగాడు అభ్యర్థి. లోపలి పైర్ల ఊరి రైతు. నవ్వు మొహం, మల్లెపువ్వులాంటి పంచె. వెంట నెల్లూరు నుంచి తెచ్చుకున్న ఫోటోగ్రాఫరు. జనం చేతులు ఖాళీగా లేవు కాబట్టి ఆయనే వాళ్ళ మధ్య దూరి తాడు పట్టుకున్నాడు. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకున్నాడు. అభ్యర్థి గొంతెత్తాడు.

“ఈ తాడు సాక్షి! రెండేళ్ళలో ఈ కాలువ మీద వంతెన కట్టిస్తా. కట్టించకపోతే మళ్ళీ ఈ ఒడ్డుకు రాను!”

ఫోటో అయింది. తాడు వదిలి చేతులు దులుపుకుని, ఇంకో ఊరు ఉందని వెళ్ళిపోయాడు. వల ఇంకా సముద్రంలోనే ఉంది.

లాగుతున్న నలభై మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మా ఒడ్డున ఒక కట్టుబాటు ఉంది. అలివి తాడు పట్టినవాడు వల సంచి ఇసుక మీదికి వచ్చేదాకా వదలకూడదు. జ్వరమొచ్చినా సరే, ఇంట్లో పురుడు జరుగుతున్నా సరే. ఇంకొకరు వచ్చి ఆ చోట పట్టుకున్నాకే వదలాలి. ఊరికే వదిలిపోయినవాణ్ణి ‘సగంతాడు మనిషి’ అంటారు. వాడు మళ్ళీ వచ్చి ఒక వల పూర్తిగా లాగేదాకా ఊరి కూటంలో వాడి మాట వినరు. వరసలో వాడు వదిలిన చోట ఒక మనిషి పట్టేంత తాడు ఖాళీగా ఉంచుతారు. అందరికీ కనపడాలని.

“తెలీక చేసినాడులే పాపం” అన్నాడు ఊరిపెద్ద. “అయినా ఖాళీ ఖాళీయే.”

ఖాళీ ఉంచారు, ఓట్లూ వేశారు. ఊరి కూటంలో అనుకున్న మాట ప్రకారం ఊరంతా ఆయనకే వేసింది. ఆయన గెలిచాడు. చెప్పిన రెండు మాటల్లో రెండోదాన్ని అక్షరాలా నిలబెట్టుకున్నాడు. వంతెన కట్టించలేదు, మళ్ళీ ఒడ్డుకు రాలేదు.

నేను ఉత్తరాలు మొదలుపెట్టాను. మూడు నెలలకొక పోస్టుకార్డు, ఆరో తేదీన. మే, ఆగస్టు, నవంబరు, ఫిబ్రవరి. ప్రతి కార్డు మీదా పైన ఆయన తాడు పట్టిన తేదీ, వేళ, వదిలిన వేళ. కింద ‘వంతెన సంగతి తెలపవలెను’ అని ఒక్క వాక్యం. 1966 నవంబరు వరకు పందొమ్మిది కార్డులు రాశాను. జవాబులు మూడు వచ్చాయి. మొదటిది, మీ అభిమానానికి కృతజ్ఞతలు. రెండోది, విషయం పరిశీలనలో ఉన్నది. మూడోది ఉగాది శుభాకాంక్షలు.

మా అత్త ప్రతి జవాబునూ చదివించుకునేది.

“పరిశీలన అంటే ఏందమ్మే?”

“చూస్తా ఉండారంట అత్తా.”

“ఆడ కూర్చోని ఏం కనపడతాది? ఈడికి వచ్చి చూడమని రాయి.”

రాశాను. రాలేదు.

1966 జూన్ 20, సోమవారం, హైస్కూలు తెరిచారు. ఆ ఏడాది మా ఊళ్ళో ఐదు పూర్తిచేసిన ఆడపిల్లలు ముగ్గురు. నా బిడ్డ, ఇంకా ఇద్దరు. మగపిల్లలు నలుగురు పడవెక్కి పోయారు. మిగతా ఇద్దరు పిల్లల తల్లులు మా ఇంటి వైపు చూశారు. వల సొంతదారుల ఇంటిపిల్లే పోనప్పుడు మన పిల్లలెందుకని ఆగిపోయారు. నెల తిరక్కముందే ఆ ఇద్దరూ ఎండుచేపల దిబ్బ మీద నెత్తళ్ళు తిరగేస్తూ కనిపించారు. మా బడి పంతులుగారు దయతలచి నా బిడ్డను మళ్ళీ ఐదో తరగతిలోనే కూర్చోబెట్టుకున్నారు. రెండోసారి ఐదో తరగతి లెక్కల్లో అది ఒక్క తప్పు కూడా చేయలేదు. చేయదు మరి. అవే లెక్కలు కదా.

రాత్రి పక్కలో అడిగింది. “అమ్మా, వంతెన ఎంత దూరం వచ్చింది?” వంతెన నెల్లూరు నుంచి నడిచి వస్తున్నదని బిడ్డ నమ్మకం.

1967 జనవరిలో మళ్ళీ ఎన్నికల మాట వినపడింది. ఆయనే నిలబడుతున్నాడు, ఫిబ్రవరి 5 ఆదివారం మా ఊరికి వస్తున్నాడు. నేను మా ఆయన చేత ఊరిపెద్దకు ఒక ముక్క చెప్పించాను. ఆయన సగంతాడు మనిషి కదా, కూటంలో మాట్లాడాలంటే ముందు వల లాగాలి కదా అని. ఊరిపెద్ద తొడ చరుచుకుని నవ్వాడట.

ఆదివారం ఆరూ ముప్పైకి ఎమ్మెల్యే గారు దిగారు. వల అప్పుడే నీళ్ళలో పడింది.

“అందరూ బాగుండారా?” అని చేతులు జోడించాడు.

“బాగుండాం అన్నా” అన్నాడు ఊరిపెద్ద. “మాట తరవాత. ముందు తాడు పట్టు.”

“ఏం తాడు?”

“అయిదేళ్ళ కిందట వదిలినావే, ఆ తాడు. నీ చోటు అట్టనే ఉండాది చూడు.”

వెంట వచ్చిన ఒకాయనకు కోపమొచ్చింది. “ఏందయ్యా, ఆయన ఎమ్మెల్యే!”

“ఎమ్మెల్యే అయితే ఇంకా గట్టిగా లాగాల.”

జనం నవ్వారు. ఎమ్మెల్యే గారు కూడా నవ్వారు. ఫోటోకేమో అనుకుని ఉంటారు. చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి తాడు పట్టారు. ఆరూ ముప్పైఐదు. ఆయన ముందు మా ఆయన, వెనక మా మరిది. ఇద్దరూ చెయ్యి విడిచే మనుషులు కారు.

పది నిమిషాల తరవాత ఆయనకు సంగతి అర్థమైంది. అప్పుడు నేను నోటు పుస్తకం తెరిచాను.

పెద్దల ముందు కోడలు గొంతెత్తడం ఆ రోజుల్లో లేదు. అందుకని నేను తలవంచి తేదీ చదివేదాన్ని, మా అత్త దానికి ఉప్పూకారం కలిపి అరిచేది. తాడు వెంట అడుగులో అడుగు వేస్తూ ఇద్దరం నడిచాం.

“1964 ఫిబ్రవరి ఆరుకు రెండేళ్ళు” అన్నాను నేను.

“ఏం నాయనా, అరవైనాలుగు ఫిబ్రవరికి వంతెన రావాల్నే! దోవ తప్పి తమిళదేశం పోయిందా?” అన్నది మా అత్త.

“ఫైలు కదిలిందమ్మా” అన్నాడు ఆయన, రొప్పుతూ.

“ముందు నువ్వు కదులన్నా, తాడు సడలతా ఉండాది” అన్నాడు వెనక నుంచి మా మరిది.

“ఫైలు యాడికి కదిలింది?” ఊరిపెద్ద అడిగాడు.

“నెల్లూరు నుంచి హైదరాబాదుకు.”

“దానికి కాలువ అడ్డం రాలా?”

రెండు తాళ్ళ వాళ్ళూ నవ్వితే వల ఒక్కసారి జారింది. మళ్ళీ బిగించారు. ఆయన వెంట వచ్చిన వాళ్ళు ఇసుకలో చతికిలబడ్డారు. వాళ్ళలో ఒకడు తాను కాసేపు తాడు పట్టుకుంటానన్నాడు. అప్పుడు ఎమ్మెల్యే గారు వద్దన్నారు. ఆ మాట నాకు నచ్చింది, అదీ రాసుకున్నాను. ఏడూ యాభైకి ఆయన అరచేతిలో బొబ్బ చిట్లింది.

“పందొమ్మిది కార్డులు” అన్నాను నేను.

“పందొమ్మిది కార్డులు రాసింది నా కోడలు! ఎండుచేపలు చుట్టను పనికొచ్చినాయా?”

“కొన్ని చదివినా తల్లీ.”

“ఎన్ని?”

ఆయన నాలుగడుగులు వెనక్కి వేశాడు. “రెండు.”

“నిజం వస్తా ఉండాది” అన్నాడు ఊరిపెద్ద. “లాగండ్రా!”

ఎనిమిదీ ఇరవైకి ఆయన నవ్వడం మానేశాడు. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

“వంతెన నా చేతిలో లేదు. ఆ కాలువ వేరే వాళ్ళ కింద ఉండాది. తెరచాప పడవలు పోవాలంటే వంతెన ఎత్తుగా కట్టాల. ఈ చిన్న ఊరికి అంత ఎత్తు వంతెన ఎవురూ ఇవ్వరు. అడిగి చూసినా, కుదరదన్నారు.”

“ఎప్పుడు తెలిసింది నీకు?” అని ఊరిపెద్ద.

ఆయన తాడు మీద చెయ్యి మార్చి పట్టుకున్నాడు.

“ఆ పొద్దే తెలుసు.”

“మరి ఎందుకు చెప్పినావు?”

“ఫోటో తీస్తా ఉండారు. అందరూ నా మొగమే చూస్తా ఉండారు. ఏదో ఒకటి చెప్పాల గదా. నోట్లోకి వంతెన వచ్చేసింది.”

నేను పెన్సిలు ఆపాను. నాలుగు నిమిషాల్లో ఒక నోట్లోకి వచ్చిన మాట మీద నేను ఐదేళ్ళు, నా బిడ్డ ఒక ఏడాది నిలబడి ఉన్నాం.

తొమ్మిదీ ఐదుకు సంచి ఇసుక మీదికి వచ్చింది. నెత్తళ్ళు, కొన్ని కవళ్ళు. మొత్తం రెండున్నర గంటలు. ఊరిపెద్ద దోసిట సముద్రపు నీళ్ళు తెచ్చి ఎమ్మెల్యే గారి బొబ్బల మీద పోశాడు. ఆయన అబ్బా అన్నాడు. ఆ చేతుల్లోనే పిడికెడు చేపలు పెట్టి ఊరిపెద్ద గట్టిగా చెప్పాడు.

“వల ఒడ్డు చేరింది. ఇంక పాత మాట లేదు!”

“లేదు!” అన్నారు నలభై మందీ. ఒకరు ఆయన భుజం తట్టారు. ఒకరు కల్లు ముంత అందించారు. నేను తెల్లబోయాను.

“అత్తా, మరి వంతెన?”

“నోరు మూసుకోమ్మే. వల ఒడ్డు చేరినాక పాత మాట ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళది తప్పు.”

ఆ కట్టుబాటుకు రెండో సగం ఉంది. పూర్తి వల లాగినవాడి మీద అంతకు ముందున్నదంతా చెల్లిపోతుంది. పద్నాలుగేళ్ళు ఆ ఒడ్డున ఉండి నేను మొదటి సగమే తెలుసుకున్నాను. పొరుగూరి కోడలికి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తేదీలన్నీ రాసుకున్నదాన్ని అసలు నియమం రాసుకోలేదు. ఆయన్ను పట్టి ఉంచడానికి నేనే వేయించిన తాడు ఆయన్ను విడిపించింది. మధ్యాహ్నం కూటంలో ఊరంతా మళ్ళీ ఆయనకే ఓటు అనుకున్నారు. నిజం చెప్పినాడు, చేతులు పగలగొట్టుకున్నాడు, ఇంకేం కావాలన్నారు. నా ఓటు ఎవరికి వేశానో అప్పుడు మా అత్తకు చెప్పలేదు, ఇక్కడా రాయను.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు బుధవారం, పది గంటలకు, మా అత్త పెరట్లో చేపలు తోముతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

“అత్తా, వంతెన మాట చెల్లిపోయింది గదా?”

“పోయింది.”

“ఇంక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు గదా?”

“ఎత్తకూడదు. అదే గదా చెప్తా ఉండా.”

“అయితే వంతెన పడితేనే బిడ్డను పంపుతాననేది కూడా పాత మాటే.”

మా అత్త చేతిలో చేప ఆగింది. నా వైపు చూసింది, సముద్రం వైపు చూసింది. మా మామ అప్పుడే వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. ఆయన దగ్గడంలో నవ్వు కలిసి ఉందని ఇద్దరికీ తెలిసింది.

“రైలు గేటు దానివి గదా” అన్నది చివరికి. “నా ముందు గేటు వేసేసినావు.”

“మీరే చెప్పినారు అత్తా. ఎత్తినవాళ్ళది తప్పని.”

“ఇన్నేళ్ళూ నన్ను అడగలేదేమే?”

ఆ ప్రశ్నకు నా దగ్గర తేదీ లేదు. ఎమ్మెల్యేకు పందొమ్మిది కార్డులు రాశాను. పొయ్యికి అవతల కూర్చునే మనిషిని ఐదేళ్ళలో ఒక్కసారి కూడా మళ్ళీ అడగలేదు. భయం. అడిగి ఉంటే 1966లోనే కాదనేదో, సరే అనేదో. కాదంటే కనీసం ఎవరితో పోట్లాడాలో తెలిసేది.

1967 జూన్ 19, సోమవారం, ఎనిమిదీ పదికి నా బిడ్డ పడవెక్కింది. మా అత్త వెంట ఎక్కి మధ్యలో కూర్చుని, కళ్ళు మూసుకుని మనవరాలి జడ పట్టుకుంది. దాటడానికి ఆరు నిమిషాలు పట్టింది. అవతలి ఒడ్డున కళ్ళు తెరిచి, “ఇంతేనా?” అన్నది. పడవవాడి మీద కూడా అరిచింది, ఇంత చిన్న కాలువకు ఇంతసేపా అని. ఆ వారం నుంచి సంతకూ పడవలోనే పోయింది.

ఆ ఎమ్మెల్యే గారు మా ఊళ్ళో గెలిచి, మిగతా ఊళ్ళలో ఓడిపోయారు. కొత్తగా గెలిచినాయన ఒకసారి మా ఒడ్డుకు వచ్చాడు. ఎవరో ముందే చెప్పినట్టున్నారు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వంతెన మాట ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

పోయినవి ఇవి. పోస్టుకార్డులు పందొమ్మిది. వల లాగిన రోజు అల తీసుకుపోయిన ఎమ్మెల్యే గారి చెప్పులు ఒక జత. 1961 నవంబరు నుంచి 1967 జూన్ దాకా మా అత్త లాకు మీదుగా అదనంగా నడిచిన మైళ్ళు, వానల వారాలు తీసేసినా ఏడువేలకు తక్కువ కాదు. నా బిడ్డకు ఒక ఏడాది. దానితో ఐదు పూర్తిచేసిన ఇద్దరు పిల్లల ఇళ్ళకు 1967 జూన్‌లో నేను రెండుసార్లు పోయి అడిగాను. దిబ్బ మీద పనికి అలవాటు పడినారు, ఇప్పుడెందుకన్నారు. వాళ్ళిద్దరికీ ఆరో తరగతి నుంచి మొత్తం చదువు పోయింది.